నాలుగింటికీ ఒకే గాలి

భార్యని చంపింది కొడుకు కొన్న టైర్లు. ఆయనకి మటుకు ఇందులో తేల్చాల్సిందేమీ లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందా అని ఎవరైనా వాదిస్తారా? ఇదీ అంతే.

అందుకే మధ్యాహ్నం రెండింటికి కొడుకు వచ్చి గోదాము తాళం అడిగినప్పుడు ఆయన కుర్చీలోంచి లేవలేదు. తాళంచెవి మొలకి ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. చూపు గోడ మీద ఉంది.

"నాన్నా, ఐదింటికి ఆసుపత్రి మేనేజరు వస్తాడు. బండి ఇంకా ఇటుకల మీదే ఉంది. చక్రాలు లేని బండిని చూసి ఆయన ఉద్యోగం ఇస్తాడా?"

ఆయన వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

"అక్కా, టైర్లు కావాలంటే ఊళ్ళో ఇంకో షాపు చూసుకోమని చెప్పు."

అక్క చేతిలో సగం తోమిన గిన్నె, గిన్నెలో సబ్బు నురగ. తమ్ముడి కంటే ఆరేళ్ళు పెద్దది. మరదలు పోయినప్పుడు పదిరోజులుండి పోదామని వచ్చి, వీళ్ళిద్దరి తీరు చూసి ఉండిపోయింది.

"రెండడుగుల దూరంలో ఉన్నాడురా వాడు. నేను అరవక్కర్లేదు, నువ్వు గొణిగినా వినబడుతుంది. పదకొండు నెలల్నుంచీ మీ ఇద్దరికీ పోస్టాఫీసు నడుపుతున్నా. జీతం లేదు, ఆదివారం సెలవైనా లేదు."

"చెప్పు."

"ఒరే అబ్బాయ్, ఇంకో షాపు చూసుకోమంటున్నాడు మీ నాన్న. టైర్ల షాపు పెట్టుకుని కూర్చున్న మీ నాన్న."

కొడుకు నవ్వలేదు. ఈ ఇంట్లో నవ్వేది ఒకామె ఉండేది.

షాపు ముందు, ఇల్లు వెనక. మధ్యలో రేకుల వసారా. వసారాలో కారు, ఎడమవైపు వెనక తలుపుకి కొత్త రంగు. ఆ తలుపు కొడుకే బాగుచేసుకున్నాడు, పని అయ్యాక రోజుకి గంట చొప్పున. ఆ తలుపు పక్కనే వాళ్ళమ్మ కూర్చునేది.

వసారా గోడకి ఆనించి నాలుగు పాత టైర్లు ఉన్నాయి. ఆ కారువే. పెద్దాయన వాటిని అమ్మలేదు, పారేయలేదు. షాపుకి వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. "మా వాడు ఏరుకొచ్చిన మెత్తటి టైర్లు. హాయిగా ఉంటాయన్నాడు. వానలో మలుపు దగ్గర జారాయి. మా ఆవిడ ఇంటికి రాలేదు." ఈ మాటలు అదే వరసలో, ఒక్క అక్షరం తేడా లేకుండా, పదకొండు నెలలుగా చెబుతున్నాడు. కొడుకు పక్కనే రిమ్ము తుడుస్తూ వింటూ ఉంటాడు.

"అత్తా, నాన్నతో చెప్పు," అన్నాడు కొడుకు ఇప్పుడు. "ఈసారి నేను ఏరను. ఆయన్నే ఏరమను. ఆయన ఏవి ఎక్కిస్తే అవే."

దానికి మటుకు పెద్దాయన లేచాడు.

ఆయనది వానాకాలం చదువు. ఊరి బడిలో ఐదు వరకు. కానీ టైరు మీద చెయ్యి వేస్తే చాలు, ఎన్ని వేల మైళ్ళు తిరిగిందో, ఏ వైపు బరువు మోసిందో చెబుతాడు. గాలి కొలిచే గేజీ షాపులో లేదు. బొటనవేలితో టైరు నొక్కి "ముప్పై రెండు" అంటే ముప్పై రెండే. అనుమానం ఉన్న డ్రైవర్లు పెట్రోలు బంకుకి పోయి కొలిపించుకుని, తలవంచుకుని వచ్చేవారు. చివరికి ఆయనకే గేజీ అని పేరు పెట్టారు. గేజీ మామ.

గోదాము తీశాడు. రబ్బరు వాసన మొహానికి కొట్టింది. ఆ బండి సైజుకి మూడు రకాలున్నాయి.

మొదటిది రాయి. రోడ్డుని పట్టుకుందంటే వదలదు, కానీ గులకరాయి ఎక్కినా నడుముకి తెలుస్తుంది. రెండోది పరుపు. కూర్చున్నవాడికి నిద్రొస్తుంది, మలుపులో బండి ఒళ్ళు వాల్చేస్తుంది. మూడోది నడిమి రకం. పక్కలు కాస్త మెత్తన, నడుమ మాత్రం వెడల్పాటి గాళ్ళు, నీళ్ళని రెండు వైపులా తోసేసేవి. కొడుకు వాళ్ళమ్మ కోసం కొన్నది ఈ మూడోదే. ఆయన నోట మాత్రం అది ఎప్పుడూ "మెత్తటిది".

మొదటి రకం లాగి దొర్లించాడు.

"ఇవి."

"అత్తా, ఎక్కేది రోగులని చెప్పు. కొండ మీది ఊళ్ళ నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకురావాలి, తీసుకుపోవాలి. నాలుగ్గంటలు చేతికి సూదులు గుచ్చించుకుని పడుకుని లేస్తారు. పిండిన గుడ్డల్లా బయటికొస్తారు. గోతిలో పడితే ఆ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంటారు."

"ప్రాణంతో చేరతారు. అది చాలని చెప్పు," అన్నాడు పెద్దాయన.

"అమ్మకి చాల్లేదుగా!"

గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. అక్క ఇటు రాలేదు.

అమ్మకి వెన్నెముకలో జబ్బు. నెలకి రెండుసార్లు కొండదారిలో పెద్దాసుపత్రికి. అప్పుడు కారుకి ఉన్నవి రాతి టైర్లు, పెద్దాయన ఎక్కించినవి. ఆ దారిలో నలభై ఒక్క గోతులున్నాయని ఆవిడ లెక్క. చుట్టాల పేర్లు పెట్టింది వాటికి. "ఇది మీ అత్త, చెప్పకుండా వస్తుంది. ఇది మీ నాన్న, ఒకసారి తగిలితే వారం గుర్తుంటుంది." నవ్విస్తూనే సీటు అంచు పట్టుకునేది. వేళ్ళు తెల్లబడేవి.

కొడుకు చూసి చూసి, తండ్రిని అడక్కుండా టైర్లు మార్చాడు. అదీ మొదటి నేరం.

"హాయి కావాలనుకున్నాం. అయ్యింది," అన్నాడు పెద్దాయన. గోడకున్న నాలుగు టైర్ల వైపు గడ్డం ఎత్తాడు. "హాయి అక్కడుంది. చూసుకోమను."

అప్పుడే కోడలు కారులోంచి దిగింది. మేనేజరు వస్తాడని పొద్దుటి నుంచీ లోపల తుడుస్తోంది. ఒక చేతిలో తడిగుడ్డ. ఇంకో చేతిలో అత్తగారు నడుము కింద పెట్టుకునే స్పాంజి దిండు. దిండు గలీబు జిప్పు తీసి ఉంది.

"మామయ్యా, ఇది ఉతుకుదామని తీశాను. లోపల కాయితం ఉంది."

కొడుకు ఒక్క అంగలో వచ్చాడు. "అదిలా ఇవ్వు."

"నువ్వు దాచావా?"

"ఇవ్వమన్నానా!"

ఆమె ఇవ్వలేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్ళు. అందులో పదకొండు నెలలు మొగుడు తల వంచుకుని తిరగడం చూసింది. కాయితం విప్పి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు పైకి చదివింది. ప్రమాదం తర్వాత బండిని పరీక్షించిన ఇన్‌స్పెక్టరు ఇచ్చిన కాయితం.

"బ్రేకులు సరిగా ఉన్నవి. స్టీరింగు సరిగా ఉన్నది. టైర్లు కొత్తవి, నాలుగూ పగలలేదు, గాళ్ళు నిండుగా ఉన్నవి. గాలి ఉండవలసినది ముప్పై రెండు. ఉన్నది..."

ఆగింది.

"చదువు," అంది అక్క. ఎప్పుడొచ్చిందో గుమ్మంలో ఉంది.

"నాలుగింటిలోనూ ఇరవై."

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"ఇరవై అంటే తక్కువా?" అంది అక్క.

ఆ వసారాలో ఆ జవాబు చెప్పాల్సినవాడు ఒక్కడే. ఇరవై పాయింట్ల గాలితో బండి వానలో మలుపు తిరిగితే ఎంత మంచి టైరైనా కిందికి కుంగుతుంది, గాళ్ళు మూసుకుపోతాయి, నీళ్ళ మీద తేలుతుంది. నిన్న మొన్న లైసెన్సు తీసుకున్నవాడికి కూడా ఆయన చెప్పే మొదటి పాఠం అది.

"మేకు దిగితే ఒక టైరు దిగుతుంది పెద్దత్తయ్యా," అంది కోడలు నెమ్మదిగా. "రెండు దిగొచ్చు. నాలుగూ సరిగ్గా ఒకేలా దిగవు. ఎవరో తియ్యాలి. గేజీ లేకుండా నాలుగింటికీ ఒకేలా తియ్యగల చెయ్యి ఈ ఊళ్ళో..."

"చాలు," అన్నాడు కొడుకు.

ఆ పొద్దు పెద్దాయనకి గుర్తులేక కాదు. ప్రతి నిమిషం గుర్తుంది. కానీ దాన్ని ఆ చావు పక్కన పెట్టి ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఆరోజు ఆవిడ తల దువ్వుకుంటూ అంది: "అబ్బాయి టైర్లు బాగున్నాయండీ. గోతుల దగ్గర మాత్రం ఇంకా కాస్త పోటొస్తోంది." అంతే అంది. మంచి మాట నోటితో చెప్పే అలవాటు ఆయనకి లేదు. బయటికొచ్చి, చక్రం చక్రానికీ వంగి, మూత తీసి, గోటితో గాలి వదిలాడు. ఒక్కో దానికి ఇరవై లెక్కపెట్టాడు. బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. నాలుగూ సమానం. మూతలు బిగించాడు. ఆకాశం చూడలేదు. కొడుక్కి చెప్పలేదు. కొడుకు కొన్న టైర్లు చాలవని తేలడం లోపల ఆయనకి బాగుందేమో కూడా. ఆ టైర్లని తన చేత్తో ఇంకాస్త మెత్తగా చేసి ఇచ్చాడు. పెళ్ళాం మీద ప్రేమ చూపించడానికి ముప్పై ఏళ్ళలో ఆయన చేసిన పని అదొక్కటి.

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఆ గొంతు ఎవరిదో అని అక్క అటూ ఇటూ చూసింది. తమ్ముడిదే. పదకొండు నెలల తర్వాత కొడుకుతో నేరుగా అన్న మొదటి మాట.

కొడుకు ఇటుకల మీదున్న బండికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"అమ్మ ఎక్కగానే 'ఇవాళ ఊయల్లా ఉందిరా' అంది. నా టైర్లని మెచ్చుకుంటోందనుకున్నా. మొదటి మలుపులోనే స్టీరింగు తేడాగా ఉంది. దిగి చూద్దామనుకున్నా. అద్దంలో చూస్తే నిద్రపోతోంది. ఎన్ని నెలలైంది నాన్నా ఆమె నిద్రపోయి? బండి ఆగితే లేస్తుంది. లేపబుద్ధి కాలేదు. ఇంకో మలుపు దాటాక చూద్దాంలే అనుకున్నా."

కాస్త ఆగాడు.

"ఆ ఇంకో మలుపే."

చినుకులు వానగా మారాయి.

"కాయితం మర్నాడే వచ్చింది. చూపిస్తే నువ్వు బతకవనుకున్నా. నన్నంటే అన్నావులే, నన్నని నువ్వు బతికితే చాలనుకున్నా. కానీ నువ్వు బతకడం లేదు నాన్నా. రోజూ నన్నని, ఇంకా కొత్తగా చస్తున్నావు. నన్నూ చంపుతున్నావు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు పెద్దాయన గోడతో.

"నేనేం అడగను. ఆ మాట షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పావు. ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి, మావాడి తప్పు కాదని చెప్పు. నువ్వు చేశావని చెప్పక్కర్లేదు. నాది కాదని చెప్పు. చాలు."

పెద్దాయన వెనుదిరిగాడు. గోదాములోకి పోయాడు. రాతి టైర్లు వెనక్కి దొర్లించాడు. నడిమి రకం నాలుగు బయటికి తెచ్చాడు.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు మొగుడి వైపు చూసింది. కొడుకు జాకీ అందుకున్నాడు. అది జవాబే అనుకున్నారు ముగ్గురూ.

గంటన్నర పనిచేశారు తండ్రీకొడుకులు. పానా కావాలంటే చెయ్యి చాచడం, పానా రావడం. రిమ్ము అంచుకి సబ్బునీళ్ళు, టైరు కూర్చున్నప్పటి టప్పు చప్పుడు. చివర గాలి. పెద్దాయన వేలితో నొక్కి, తల ఊపి, తర్వాతి చక్రానికి.

కోడలు లోపలికెళ్ళి చిన్న డబ్బా తెచ్చింది. అందులో కొత్త గేజీ. ఎప్పుడు కొందో.

"ఒకసారి చూస్తాను మామయ్యా. మేనేజరుకి చెప్పాలిగా."

ఈ షాపులో ఆయన వేలు తర్వాత గేజీ పెట్టినవాళ్ళు లేరు. కానీ ఆయన పక్కకి జరిగాడు.

"ముప్పై రెండు," అంది. రెండో చక్రం. "ముప్పై రెండు." మూడు. నాలుగు. వాన చప్పుడులో కూడా ఆ అంకె స్పష్టంగా వినబడింది. "నాలుగింటికీ ఒకే గాలి మామయ్యా."

ఒక్కటైనా తప్పి ఉంటే బాగుండు. ముప్పై అని, ఇరవై తొమ్మిదని, ఏదో ఒకటి. అప్పుడు ఆ ఇరవై కూడా ఇంకెవరిదో అయ్యేది. వేలు తప్పలేదు. ఎప్పుడూ తప్పలేదు. ఆయన ఆ బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

మేనేజరు ఐదుకి పది నిమిషాల ముందే వచ్చాడు. బక్కపలచటి మనిషి. గొడుగు దులిపి, బండి చుట్టూ తిరిగాడు. టైర్ల గాళ్ళలో గోరు పెట్టి చూశాడు. వెనక సీట్లో కూర్చుని వీధి చివరిదాకా వానలోనే తిప్పమన్నాడు. మలుపు దగ్గర గట్టిగా తిప్పించాడట. మెత్తగా వెళ్ళింది, గట్టిగా నిలబడింది. దిగేటప్పుడు మొహం విచ్చుకుని ఉంది.

"బాగుంది బాబూ. గోతుల మీద పోయినట్టే లేదు. మా వాళ్ళకి ఇలాంటిదే కావాలి."

కొడుకు మొహంలోకి రక్తం వచ్చింది. అక్క టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. మేనేజరు పుస్తకం తీసి, పెన్ను మూత తీసి, రాయకుండా ఆగాడు.

"ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. వీధి మొదట్లో టీ తాగుతుంటే ఎక్కడికని అడిగారు. చెప్పాను. 'వాళ్ళమ్మని అలాగే కారులో తీసుకెళ్తూ పోగొట్టుకున్నాడు, తప్పుడు టైర్లు ఏరాడు, వాళ్ళ నాన్నే చెప్పాడు' అన్నారు." పెద్దాయన వైపు తిరిగాడు. "మీరు పెద్దవారు. టైర్ల సంగతి మీకంటే తెలిసినవాళ్ళు లేరంటున్నారు. మీరు చెప్పండి. నిజమేనా? మా రోగుల్ని ఈ అబ్బాయి చేతిలో పెట్టొచ్చా?"

అడగాల్సినవాడు అడగాల్సిన చోట అడిగాడు. దేవుడు ఉంటే ఇంతకంటే తిన్నగా అడగడు.

కొడుకు నేల చూస్తున్నాడు. అడిగినట్టు ఉండకూడదని తల ఎత్తడం లేదు. కోడలి చేతిలో గేజీ, వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

"చెప్పరా," అంది అక్క. "ఒక్క ముక్క."

మావాడిది కాదు. రెండే మాటలు. నాలిక చివరికి వచ్చాయి కూడా. కానీ ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు బేరాలు చూసినవాడు, ఒక మాట వెనక ఏ మాట వస్తుందో తెలిసినవాడు. 'మరి ఎవరిది?' అంటాడు ఈ బక్కమనిషి. ఊరికే, మాటవరసకి అంటాడు. దానికి జవాబు ఈ వసారాలో, ఈ నాలుగు పాత టైర్ల ఎదుట చెప్పాలి. రాత్రికల్లా టీ కొట్టుకి చేరుతుంది. గేజీ మామ వేలు.

"ఆ సంగతి నేను మాట్లాడను," అన్నాడు.

మేనేజరు ఆ మాటని తనకి తెలిసినట్టే అర్థం చేసుకున్నాడు. పెద్దమనిషి, కన్నకొడుకు తప్పు నోటితో ఎలా చెబుతాడు పాపం అనుకున్నాడు. పెన్నుకి మూత పెట్టాడు. టీ సగం మిగిల్చాడు. "కబురు చేస్తాం బాబూ" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ కబురు రాదని అందరికీ తెలుసు.

కొడుకు చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, ఎప్పుడూ తుడుచుకునే తీరులోనే.

"అత్తా," అన్నాడు. తండ్రి రెండడుగుల దూరంలో ఉన్నాడు. "రేపు పొద్దున మేమిద్దరం వెళ్ళిపోతున్నామని నాన్నకి చెప్పు."

అక్క సగం మిగిలిన టీ గ్లాసు వైపు చూసింది.

"నేను చెప్పనురా. పోస్టాఫీసు మూసేశా."

కోడలు ఇన్‌స్పెక్టరు కాయితాన్ని మడతపెట్టి పెద్దాయన కుర్చీలో పెట్టింది. దాని మీద గేజీ పెట్టింది, గాలికి ఎగిరిపోకుండా. మొగుడి వెనకే లోపలికి వెళ్ళింది. లోపల పెట్టె మంచం కిందినుంచి లాగిన చప్పుడు.

పెద్దాయన నిలబడే ఉన్నాడు. కూర్చోవాలంటే ఆ కాయితం తియ్యాలి.

"వాడు గడప దాటాకైనా చెబుతావా ఎవరికైనా?" అంది అక్క. గొంతులో కోపం లేదు. అది ఇంకా చెడ్డది. "నేనున్నాను. నాకు చెప్పు. గోడకి చెప్పు. రోజూ గోడతో మాట్లాడేవాడివేగా."

"అక్కా."

"ఊఁ."

"వాడికీ నీకూ ఇదే చెబుతున్నా, మళ్ళీ అడగొద్దు. దాని గురించి నేను మాట్లాడను. ఇవాళ కాదు, వాడు వెళ్ళాక కాదు, నేను పోయేటప్పుడు కాదు. ఈ నోట ఆ మాట ఇంక రాదు."